వచ్చిన పాఠం అందని వేళ

(హైదరాబాద్ శివార్లలోని సాతంరాయిలో లెక్కల సారు పూర్వ విద్యార్థులు జరిపిన సభలో చేసిన స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసానికి ముందు ఒక పేరు ఉండటం ఆనవాయితీ. సారు ఇంటివాళ్లు మాత్రం కరపత్రంలో గానీ, అచ్చులో గానీ ఆయన పేరు వద్దన్నారు. శాలువా కప్పబోతే ఆయన ఎంత ఇబ్బంది పడేవారో తెలిసినవాళ్లం కనుక ఎవరూ ఎదురుచెప్పలేదు. ఈ చుట్టుపక్కల అందరూ పిలిచినట్టే నేనూ లెక్కల సారు అంటాను. ఆయన మంచితనం గురించి నాకు ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. రిటైరయ్యాక కూడా ఆయన్ని వదలని ఒక ప్రశ్న ఉంది. నేను దాన్ని పట్టుకుంటాను.

ఇంటి దగ్గర గడగడా ఒప్పజెప్పిన పిల్ల పరీక్ష గదిలో ఎందుకు బిగుసుకుపోతుంది? పేపరిచ్చేసి గేటు దాటగానే అదే జవాబు అక్షరం పొల్లుపోకుండా ఎలా గుర్తొస్తుంది?

మనం ఈ ప్రశ్నలో మొదటి సగాన్నే పట్టించుకుంటాం. సరిగ్గా చదవలేదంటాం, ధ్యాస లేదంటాం, నేరం సెల్‌ఫోన్ మీదికి తోస్తాం. సారు రెండో సగం దగ్గర ఆగేవారు. గేటు దగ్గర గుర్తొచ్చిందంటే పాఠం లోపల ఉన్నట్టే కదా. బావిలో నీళ్లున్నాయి, చేద దిగలేదు. ఆ మూడు గంటలూ తాడు ఎక్కడ చిక్కుపడిందన్నదే తేలాలి.

జ్ఞాపకం అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో మూడు పనులున్నాయి. పాఠం మనసుకెక్కాలి. ఎక్కింది కొన్ని గంటల్లో, కొన్ని రోజుల్లో గట్టిపడాలి. అడిగినప్పుడు పైకి రావాలి. ఒత్తిడి ఈ మూడింటినీ ఒకే తీరుగా తాకదు. గట్టిపడే పనికి ఒక్కోసారి సాయపడుతుంది కూడా. పైకి రావడాన్ని మాత్రం అడ్డుకుంటుంది.

భయం వేసినప్పుడు మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రెండు విడతలుగా స్పందిస్తాయి. ముందు అడ్రినలిన్. సెకన్లలో గుండె దడదడలాడుతుంది, అరచేతులు తడుస్తాయి. వెనక తాపీగా కార్టిసాల్ వస్తుంది. రక్తంలో అది పతాకస్థాయికి చేరడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా పడుతుంది. రక్తంతో పాటు మెదడులోకీ వెళ్తుంది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్ఎవెన్ బృందం 1968లో ఎలుకల మెదళ్లను పరిశీలిస్తే, ఈ జాతి హార్మోన్‌ను ఎక్కువగా పట్టి ఉంచుతున్న చోటు హిప్పోకాంపస్ అని తేలింది. కొత్తగా నేర్చుకున్న సంగతుల్ని నిలబెట్టేది, తిరిగి తెచ్చిచ్చేది ఆ భాగమే. అంటే ఒత్తిడి పంపిన మనిషి నేరుగా జ్ఞాపకాల గది తలుపే తడుతున్నాడన్నమాట.

ముప్పై ఏళ్ల తర్వాత, 1998లో, కాలిఫోర్నియాలో డొమినిక్ ద కెర్వెన్, బెన్నో రోజెండాల్, జేమ్స్ మెక్‌గా ఒక ప్రయోగం చేశారు. నీళ్ల తొట్టిలో మునిగివున్న చిన్న మెట్టు ఎక్కడుందో ఎలుకలకు ముందురోజు నేర్పారు. మర్నాడు పరీక్ష. పరీక్షకు అరగంట ముందు కాళ్లకు చిన్న కరెంటు షాక్ తగిలిన ఎలుకలు ఆ మెట్టు జాడ మరిచి ఈదులాడాయి. షాక్ రెండు నిమిషాల ముందు తగిలితే తేడా లేదు. నాలుగు గంటల ముందు తగిలినా లేదు. కార్టిసాల్ జాతి హార్మోన్ తయారు కాకుండా మందిస్తే, అరగంట ముందు షాక్ తిన్నవి కూడా మెట్టును కనుక్కున్నాయి. 2000లో అదే మార్గంలో మనుషుల మీద చూశారు. ముందురోజు నేర్చుకున్న పదాలను, కార్టిజోన్ మాత్ర మింగిన గంటకు చెప్పమంటే తడబడ్డారు. అదే మాత్ర నేర్చుకునే సమయంలో వేసుకున్నవారికి ఆ ఇబ్బంది రాలేదు.

ఎలుకకు తగిలిన షాకూ పిల్లల పరీక్ష భయమూ ఒకటేనని నేను అనడం లేదు. కానీ ఆ అరగంట నన్ను వదలదు. పరీక్షకు అరగంట ముందు మన పిల్లలు ఎక్కడుంటారు? ఇంటర్ పరీక్ష తొమ్మిదింటికి. ఎనిమిదిన్నరకు పిల్ల సెంటరు గేటు దగ్గర గుంపులో నిలబడి ఉంటుంది, లేదా ఆరాంఘర్ దగ్గర ఆటోలో ఇరుక్కుని నాన్న ముఖంలోకి చూస్తూ ఉంటుంది. చేతిలో హాల్‌టికెట్ ఉందా అని పదోసారి తడుముకుంటుంది. పక్కనున్న స్నేహితురాలు తాను చదవని ప్రశ్నేదో ఇంపార్టెంట్ అని చెబుతుంది. చాలా ఏళ్లు నిమిషం ఆలస్యమైతే లోపలికి రానివ్వం అనే నిబంధన నడిచింది. తెలంగాణ ఇంటర్ బోర్డు 2024లో దాన్ని ఐదు నిమిషాలు సడలించింది. ఆ ఐదు నిమిషాలు ఎంతమందికి పనికొచ్చాయన్నది నాకు ముఖ్యం కాదు. గేటు మూస్తారేమోనన్న భయం ఒక లక్షమంది రక్తంలో అరగంట ముందే కార్టిసాల్‌ను లేపుతుంటే, ప్రశ్నపత్రం చేతికొచ్చే వేళకు అది సరిగ్గా పతాకస్థాయిలో ఉంటుంది. ఎవరూ కుట్ర పన్నలేదు. మనం పెట్టుకున్న వేళలే అలా కుదిరాయి.

నిబంధనలు అక్కర్లేదని కాదు. లోపలికి ముందుగా పంపి, తనిఖీ తొందరగా ముగించి, పిల్లల్ని వాళ్ల బల్లల దగ్గర ఊరికే కూర్చోనిస్తే ఖర్చేమీ లేదు. కొన్ని సెంటర్లలో ఆ పని చేసే సూపరింటెండెంట్లు ఉన్నారు. ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చి పోయాక ఓసారి గది తిరిగొచ్చి, "ఏం కాదు రాయండి" అనే ఇన్విజిలేటర్లూ ఉన్నారు. లెక్కల సారు అలాంటివారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. ముందు వరుసలో కూర్చున్న పెద్దల్లో కొందరు సారు బెత్తం తిన్నవాళ్లు. ఆయన ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్లలో బెత్తం పట్టారు, అది దాచాల్సిన సంగతి కాదు, ఆయనా దాచలేదు. "సారు కొట్టారు కాబట్టే మాకు లెక్కలొచ్చాయి" అని మీరు ప్రేమగా చెప్పుకుంటారు. ఈ మాటలో సగం నిజం ఉంది. ఉద్వేగంతో కలిసి లోపలికి వెళ్లినది గట్టిగా నిలబడుతుందని మెక్‌గా జీవితకాలం పరిశోధించి చూపించారు. అయితే ఏది నిలబడుతుంది? నలభై ఏళ్ల తర్వాత కూడా బెత్తం ఏ చెట్టుదో, దెబ్బ ఏ అరచేతి మీద పడిందో, పక్కన ఎవరు నవ్వారో మీరు పూసగుచ్చినట్టు చెబుతారు. ఆ రోజు బోర్డు మీదున్న లెక్క ఏమిటని అడిగితే చెప్పలేరు. భయం దేన్ని వెంటబెట్టుకొచ్చిందో దాన్నే కాపాడుతుంది. భిన్నాల కూడిక దానికి పట్టదు.

ఒత్తిడి కొంచెం ఉండాలి, మరీ ఎక్కువైతే చెడుతుంది అని శిక్షణ తరగతుల్లో గంట ఆకారంలో ఒక గీత గీసి చూపిస్తుంటారు. దానికి యెర్క్స్, డాడ్‌సన్ అనే ఇద్దరి పేర్లు తగిలిస్తారు. వాళ్లు 1908లో చేసిన పని వేరు. ఎలుకలకు వెలుగున్న పెట్టె ఏదో, చీకటి పెట్టె ఏదో గుర్తుపట్టడం నేర్పుతూ, తప్పు చేసినప్పుడు షాక్ ఇచ్చారు. తేడా తేలిగ్గా తెలిసే పనిలో షాక్ పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా సూక్ష్మంగా ఉన్న పనిలో మాత్రం షాక్ కొంత దాటితే నేర్చుకోవడం మందగించింది. బెత్తం వాదులు ఈ రెండో సగం చదవాలి. ఎక్కాలు వల్లె వేయించడానికి భయం పనికొస్తే రావచ్చు. మాటల్లో ఇచ్చిన లెక్కలో ఏది రాశి, ఏది ప్రమాణం అని తేల్చుకోవాల్సిన చోట అదే భయం కాళ్లకు అడ్డం పడుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. సారు బెత్తం పారేసింది అంతకు చాలా ముందు, తన కూతురు బడిలో చేరిన ఏడాది.

ఇంతసేపూ చెప్పింది ఒక పూట ఒత్తిడి. రోజుల తరబడి సాగేది ఇంకో సంగతి. దాని గురించి బాగా తెలిసినది మనకు దగ్గర్లోనే, బెంగళూరులో. అక్కడి జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సుమంత్ర చటర్జీ, ఆయన సహచరులు 2002లో ఒక ఫలితం ప్రకటించారు. ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలనివ్వకుండా ఉంచారు. హిప్పోకాంపస్‌లోని ఒక ప్రాంతంలో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. భయాన్ని నడిపించే అమిగ్డలాలో కొమ్మలు పెరిగాయి. ఒకే కష్టం ఒకచోట కొమ్మలు నరికి, మరోచోట ఎరువు వేసింది. రెండేళ్ల తర్వాత వచ్చిన పత్రం మరీ కలవరపెడుతుంది. ఆ ఎలుకలను మూడు వారాలు హాయిగా వదిలేశాక హిప్పోకాంపస్ చాలావరకు కోలుకుంది. అమిగ్డలా మాత్రం పెరిగినట్టే ఉండిపోయింది, బెదురూ తగ్గలేదు.

మన హాస్టల్ చదువుల గురించి ఆలోచిస్తే ఇదే నాకు ముందు గుర్తొస్తుంది. తెల్లవారుజామున లేపి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు, వారానికో పరీక్ష, మార్కుల వరుసను బట్టి సెక్షన్ మార్పు. రెండేళ్లయ్యాక ఇంటికొచ్చి నెలరోజులు నిద్రపోతే జ్ఞాపకశక్తి తిరిగి రావచ్చు. బెదురు వెళ్లిపోయిందని ఎవరు చెప్పగలరు? 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఏం జరిగిందో ఈ సభలో వివరించి చెప్పక్కర్లేదు. మార్కుల లెక్కింపులో తప్పులు బయటపడ్డ ఆ రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగు పేపరులో సున్నా పడిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే తొంభై తొమ్మిది. ఈ ముక్క పిల్లలకే చెబుతున్నాను: తట్టుకోలేనంత బరువుగా అనిపించినప్పుడు 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ సహాయ కేంద్రంలో ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో చెప్పుకోలేని మాట కూడా అక్కడ చెప్పుకోవచ్చు.

ఇప్పుడు మన చోటికి, ఇక్కడ రోజూ సాగే చప్పుడు ఒత్తిడికి వద్దాం. ఒకప్పుడు ఏడో నంబరు, ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి సాతంరాయిని ఒరుసుకుంటూ పోతుంది. 2008 మార్చి 23న బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయి శంషాబాద్‌లో దిగడం మొదలయ్యాయి. ఒక ఊరి ఆకాశం ఖాళీ అయింది, ఇంకో ఊరి ఆకాశం నిండింది. సరిగ్గా ఇలాంటిదే 1992 మేలో జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగింది. పాత విమానాశ్రయం మూసి, ఊరికి దూరంగా కొత్తది తెరిచారు. స్టాఫన్ హైగ్, గ్యారీ ఎవాన్స్, మోనికా బుల్లింగర్ ఈ మార్పును ముందే పసిగట్టి, రెండు చోట్లా కలిపి 326 మంది పిల్లల్ని మూడుసార్లు పరీక్షించారు: మార్పుకు ముందు ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి, రెండేళ్ల తర్వాత ఒకసారి. కొత్త విమానాశ్రయం దగ్గరి పిల్లల్లో దీర్ఘకాల జ్ఞాపకం, చదివి అర్థం చేసుకోవడం దిగజారాయి. పాతది మూతపడిన చోట అవే రెండూ మెరుగుపడ్డాయి. కొత్త చోట పిల్లల రాత్రి మూత్రంలో అడ్రినలిన్, నారడ్రినలిన్ పెరిగాయి, రక్తపోటూ కొంచెం పైకి జరిగింది. విమానం చప్పుడు పిల్లల చెవి దగ్గరే ఆగిపోలేదు.

ఈ కథలో నాకు నచ్చేది రెండో సగమే. చప్పుడు పోతే నష్టం పూడుకుంది.

బేగంపేట విమానాశ్రయానికి చేరువలోనే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ ఉంది కదా, అక్కడ చదివిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌ను నడపడం లేదా అని ఎవరైనా అడగొచ్చు. అడగండి. ఒక్కడు గట్టెక్కడం వేరు, తరగతి మొత్తం సగటు ఎటు జరిగిందన్నది వేరు. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, మాడ్రిడ్ విమానాశ్రయాల చుట్టుపక్కల 89 బడుల్లో 2,844 మంది పిల్లల్ని చూసి 2005లో ‘లాన్సెట్’ పత్రికలో వేసిన ఫలితం సగటు గురించే. విమానాల మోత పెరిగేకొద్దీ చదివి అర్థం చేసుకోవడం వెనకబడింది. బ్రిటన్ పిల్లల్లో ఐదు డెసిబెళ్ల తేడాకు దాదాపు రెండు నెలల వెనకబాటు. 

అయితే సాతంరాయి గురించి ఒక మాట ఒప్పుకోవాలి. శంషాబాద్ రన్‌వేలు రెండూ తూర్పు పడమరలుగా ఉన్నాయి. వాటి చివర్ల కింద ఉన్న ఊళ్లకు తగిలే మోత ఉత్తరాన ఉన్న మనకు తగలదు. మన బాధ రోడ్డు. లారీలు, విమానాశ్రయానికి పరుగెత్తే బస్సులు, క్యాబులు, హారన్లు. ఆ 2005 అధ్యయనంలోనే రోడ్డు చప్పుడుకూ చదువుకూ సంబంధం కనబడలేదు. అది విని నేను కొంతకాలం నిశ్చింతగా ఉండేవాణ్ణి. 2022లో బార్సిలోనా నుంచి వచ్చిన లెక్కలు ఆ నిశ్చింతను చెరిపేశాయి. అక్కడ 38 బడుల్లో 2,680 మంది పిల్లల్ని ఏడాదిపాటు గమనిస్తే, బడి దగ్గర వాహనాల రొద ఎక్కువగా ఉన్నవాళ్లలో, విన్నది కాసేపు మనసులో పట్టి ఉంచి దానితో పనిచేసే శక్తి నెమ్మదిగా ఎదిగింది. ధ్యాస కూడా అంతే. నోటిలెక్క చేయాలంటే ఆ శక్తే కదా కావలసింది.

చట్టం మన పక్షానే ఉంది. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం బడి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు, పగలు 50 డెసిబెళ్లు దాటకూడదు. జాతీయ రహదారి పక్కన ఆ అంకె చదివితే నవ్వొస్తుంది. లారీని ఎవరూ ఆపలేరు. గదిని మార్చొచ్చు. దీనికి మంచి సాక్ష్యం న్యూయార్క్‌లోని ఒక మామూలు ప్రభుత్వ బడి, పీఎస్ 98. దాని ఒక పక్క నుంచే ఎత్తు వంతెన మీద రైళ్లు పోయేవి. ఆర్లిన్ బ్రోన్‌జాఫ్ట్ 1975లో చూస్తే పట్టాల వైపు గదుల్లోని ఆరో తరగతి పిల్లలు అవతలి వైపు పిల్లల కంటే చదవడంలో దాదాపు ఏడాది వెనకబడి ఉన్నారు. అదే బడి, అవే పుస్తకాలు, గోడకు ఇటూ అటూ. తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు, ఆ గదుల కప్పుకు చప్పుడు పీల్చే పలకలు బిగించారు. 1981లో ఆమె మళ్లీ కొలిచేసరికి రెండు వైపులా ఒకటే.

చప్పుడు ఇంట్లోనూ ఉంటుంది, నిద్రను చెడగొడుతూ. ఇక్కడి తల్లిదండ్రుల్లో చాలామంది విమానాశ్రయం చుట్టూ అల్లుకున్న పనుల్లో ఉన్నారు: లోడింగు, హౌస్‌కీపింగు, క్యాబు, హోటలు. రాత్రి రెండింటికి షిఫ్టుకు వెళ్లే నాన్న బండి తీస్తే పిల్లాడికి మెలకువ వస్తుంది. నేర్చుకున్నది గట్టిపడేది చాలావరకు నిద్రలోనే గనుక, పరీక్ష ముందు రాత్రి మేలుకుని చదివితే చేతికొచ్చేది తక్కువ, చేజారేది ఎక్కువ. తల్లులు ఈ మాట ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు.

ఇక దారి ఏమిటన్న ప్రశ్న. పరీక్షకు పది నిమిషాల ముందు భయాలన్నీ కాగితం మీద రాసేస్తే మార్కులు పెరుగుతాయని 2011లో ‘సైన్స్’ పత్రికలో ఒక పత్రం వచ్చింది. మంచి ఆలోచన, ఖర్చులేనిది, చాలా బడులు ఎత్తుకున్నాయి. 2018లో ఇంకో బృందం, పేరున్న పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను తిరిగి చేసి చూసినప్పుడు నిలబడని ఎనిమిదింటిలో ఇదీ ఒకటి. రాసుకుంటే నష్టం లేదు, రాసుకోండి. మార్కుల హామీ మాత్రం నేనివ్వను.

నాకు నమ్మకమున్న దారి మన భాషలోనే ఎప్పటి నుంచో ఉంది. అవధానం చూసినవాళ్లు ఇక్కడ ఎంతమంది? ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి దత్తపది అంటారు, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. మధ్యలో ఎక్కడో గంట కొడుతుంటారు, అవధాని ఆ దెబ్బలు లెక్కపెట్టుకుంటూ ఉండాలి. వీటన్నిటికీ మించి అప్రస్తుత ప్రసంగి ఉంటాడు. ఆయన పనే ఆలోచన చెడగొట్టడం. నడుమ "అవధానిగారూ, ఈ పూట వంకాయ కూర తిన్నారా?" అంటాడు, చమత్కారంగా బదులివ్వాలి. చివర ధారణ: చెప్పిన పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. తలుచుకుంటే ఒత్తిడిలో జ్ఞాపకాన్ని పరీక్షించడానికి ఇంతకంటే పకడ్బందీ ప్రయోగశాల ఎవరూ కట్టలేదు. తిరుపతి వేంకట కవులు ఈ విద్యను గద్వాల, ఆత్మకూరు సంస్థానాల దాకా మోసుకెళ్లారు. ఇవాళా టీవీలో, సాహిత్య సభల్లో నడుస్తూనే ఉంది.

మనం దీన్ని దైవదత్తం అని చేతులు జోడించి పక్కకు తప్పుకుంటాం. కాస్త దగ్గరికెళ్లి చూడండి. సమస్య ఇచ్చినవాడికి అవధాని పద్యమంతా ఒకేసారి చెప్పడు. ఒక ఆవృత్తిలో ఒక పాదం. ఎనిమిది మందినీ చుట్టి వచ్చాక రెండో పాదం. అప్పుడు మొదటి పాదాన్ని తనంతట తాను గుర్తు తెచ్చుకోవాలి, ఎదుట కాగితం ఉండదు. అంటే ధారణ సమయానికి ఒక్కో పద్యాన్ని ఎన్నిసార్లు లోపల నుంచి తోడుకున్నాడో చూడండి, ప్రతిసారీ మధ్యలో వేరే గొడవలు పెట్టుకుని మరీ. పైగా ఆ పద్యం ఎవరో రాసింది కాదు, తానే కట్టింది. సొంతంగా పుట్టించుకున్నది చదివినదానికంటే ఎక్కువ నిలుస్తుందని స్లామెకా, గ్రాఫ్ 1978లో ప్రయోగాలతో చూపించారు. ఛందస్సు ఇంకో సాయం. ఉత్పలమాల అయితే పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాలకూ రెండో అక్షరం ఒకటే ప్రాస. మొదటి పాదం అందితే మిగతా మూడింటి రెండో అక్షరం అందినట్టే. తప్పు మాట నోట్లోకి వచ్చినా యతి దగ్గర పట్టుబడుతుంది.

అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఎమీ స్మిత్, విక్టోరియా ఫ్లోర్కీ, అయన్నా థామస్ 2016లో దాదాపు ఇదే సంగతిని ప్రయోగంలో చూశారు. 120 మందికి పదాలు, బొమ్మలు ఇచ్చారు. సగం మంది వాటిని మళ్లీ మళ్లీ చూసుకున్నారు. మిగతా సగం మూసేసి గుర్తు తెచ్చుకుంటూ నేర్చుకున్నారు. మర్నాడు కొందరిని జనం ముందు నిలబెట్టి అప్పటికప్పుడు ఉపన్యాసం ఇప్పించారు, లెక్కలు చేయించారు. నా పరిస్థితే అనుకోండి. మళ్లీ మళ్లీ చూసుకున్నవాళ్ల జ్ఞాపకం ఒత్తిడిలో పడిపోయింది. మూసి గుర్తుతెచ్చుకున్నవాళ్లది పడిపోలేదు. ఒక్క ప్రయోగంతో తీర్పు చెప్పడం నాకు ఇష్టముండదు. కానీ గుర్తుతెచ్చుకునే అభ్యాసం నేర్చుకోవడానికి మేలన్న విషయం వంద ఏళ్లకు పైగా రకరకాలుగా తేలుతూ వస్తోంది, అవధానుల అనుభవమూ అటే చెబుతోంది.

మన బట్టీకి దీనికి తేడా ఏమిటని అడుగుతారు. బట్టీలో ఒక మాట వెనక ఒక మాట గొలుసుగా వస్తుంది. మొదలు నుంచి ఎత్తుకుంటే తప్ప మధ్యలో అందదు. జర్మనీలో లార్స్ ష్వాబె, ఆలివర్ వోల్ఫ్ 2009లో చూపినట్టు, ఒత్తిడిలో మనిషి ఆలోచన వదిలేసి అలవాటు మీద పడతాడు. పరీక్ష గదిలో బట్టీ పిల్లకు అలవాటే దిక్కు. ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే, గొలుసులో ఒక లంకె జారితే, మొత్తం జారుతుంది. లెక్కల సారు ఎక్కం పదమూడో, పదిహేడో, ఎప్పుడూ మొదటి నుంచి అడగలేదు. "నూట పంతొమ్మిది ఏ ఎక్కంలో వస్తుంది?" అని అడిగేవారు. పాఠం మొదలుపెట్టే ముందు పుస్తకాలు మూయించి నిన్నటిది మూడు ప్రశ్నలు, మొన్నటి వారానిది రెండు. మార్కులు లేవు. తప్పు చెబితే నవ్వనిచ్చేవారు కాదు. ఆయన ఈ పత్రాలేవీ చదవలేదు.

మన బడులు దీన్ని తలకిందులుగా చేస్తున్నాయన్నదే నా ఫిర్యాదు. నేర్చుకునే రోజుల్లో పిల్లల్ని తేలికైన పని మీద ఉంచుతాం: గైడు తిప్పడం, గీతలు గీయడం, ఒకటే జవాబు పదిసార్లు రాయడం. గుర్తుతెచ్చుకునే పనిని మాత్రం ఏడాదికి ఒక్కసారి, అత్యంత భయంకరమైన రోజుకు దాచిపెడతాం. అవధాని దీనికి ఎదురుగా నడుస్తాడు. అడ్డంకుల మధ్య గుర్తుతెచ్చుకోవడం అతనికి రోజువారీ పని, ధారణ అంతకు కొనసాగింపు. వీకెండ్ టెస్టులు అదే కదా అంటారా? మార్కును గోడకంటించి, దాన్ని బట్టి సెక్షన్ మార్చితే అది అభ్యాసం కాదు, ఇంకో చిన్న సైజు భయంకరమైన రోజు.

చివరగా ఒక ప్రతిపాదన. సారు పేరిట మనం ఏటా లెక్కల్లో మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లకు వెండి పతకం ఇస్తున్నాం. ఆ పిల్లకు ఆ పతకం లేకపోయినా లెక్కలొస్తాయి. రెండేళ్ల పతకం డబ్బు, దానికి తోడు మనం వేసుకునే చందా కలిపితే బడిలో రోడ్డు వైపున్న రెండు గదులకు కిటికీలు బిగుతుగా మార్చి, కప్పుకు చప్పుడు పీల్చే పలకలు వేయించవచ్చని నా అంచనా. అవి అయ్యేదాకా పైసా ఖర్చులేని పని ఒకటుంది: పదో తరగతిని రేపటి నుంచే వెనక వరండా గదిలోకి మార్చి, రోడ్డు వైపు గదులను ఆఫీసుకు, స్టాఫ్ రూముకు వాడుకోవడం. ఉపాధ్యాయులు కొంచెం రొద భరించాలి, వాళ్లకు మార్చిలో పరీక్షలేమీ లేవు. కార్యవర్గం ఒప్పుకుంటే వేసవి సెలవుల్లో పని ముగించి జూన్‌లో బడి తెరిచేలోపు అప్పజెప్పవచ్చు. గదుల కొలతలు తీయడానికి వచ్చే ఆదివారం నేను వస్తాను, టేపు పట్టుకునేవాళ్లు ఇద్దరు కావాలి.